చక్రం తిరగడం వేరు, తెర నల్లబడటం వేరు: స్ట్రీమింగ్ స్టిక్‌లో బొమ్మా సౌండూ తెగిపోతుంటే

సినిమా మధ్యలో బొమ్మ ఆగితే చాలా ఇళ్లలో మొదట రూటర్ ఆపి మళ్లీ వేస్తారు. తగ్గకపోతే నెట్ వాళ్లకి ఫోన్ చేస్తారు. వాళ్లొచ్చి స్పీడ్ టెస్ట్ చూపించి "మా వైపు అంతా బాగానే ఉందండీ" అని వెళ్లిపోయాక కొత్త స్టిక్ ఆర్డర్ పెడతారు. ఆ కొత్త స్టిక్‌ని పాత ఛార్జర్‌కీ పాత సౌండ్‌బార్‌కీ తగిలిస్తారు. రెండు రోజుల్లో పాత కథే మళ్లీ మొదలవుతుంది.

ఏది తెగింది, ఎలా తెగింది అన్నది ఎవరూ చూడకపోవడమే ఇక్కడి చిక్కు. తెగిన తీరులోనే చాలావరకు ఆచూకీ ఉంటుంది. గుండ్రంగా చక్రం తిరిగిందా? చక్రం లేకుండా తెర మొత్తం ఒకటి రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వచ్చిందా? బొమ్మ నడుస్తూనే సౌండ్ ఒక్కటీ పోయిందా? లేక స్టిక్ లోగో చూపించి మొదటినుంచీ ఆన్ అయిందా? ఈ నాలుగూ నాలుగు చోట్ల పుట్టేవి. ఒకదానికి చేసే మరమ్మతు ఇంకోదానికి పనికిరాదు. ఇక్కడ చెప్పే మెనూ పేర్లు, బటన్లు ఫైర్ టీవీ స్టిక్‌వి. గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ బాక్సుల్లో పేర్లు మారతాయి కానీ లోపల జరిగేది ఇదే.

నెట్ తప్పైతే ఎలా కనిపిస్తుంది

ఓటీటీ యాప్ సినిమాని ఏకధారగా తెచ్చుకోదు. సర్వర్ దగ్గర సినిమా చిన్న చిన్న ముక్కలుగా కోసి ఉంటుంది, ఒక్కో ముక్క నిడివి మామూలుగా 2 నుంచి 10 సెకన్లు. ప్రతి ముక్కకీ తక్కువ నాణ్యత నుంచి ఎక్కువ నాణ్యత దాకా రకరకాల ప్రతులుంటాయి. స్టిక్ కొన్ని ముక్కలు ముందే తెచ్చి మెమరీలో దాచుకుని, వాటిలోంచి ఆడిస్తూ ఉంటుంది. నెట్ నెమ్మదిస్తే తర్వాతి ముక్కకి తక్కువ నాణ్యత ప్రతిని అడుగుతుంది. కాబట్టి నెట్ బాగోలేనప్పుడు ముందు కనబడేది బొమ్మ మసకబారడం. అదీ చాలక, దాచుకున్న ముక్కలు కూడా అయిపోతే అప్పుడు చక్రం. బొమ్మా సౌండూ ఒకేసారి ఆగుతాయి, ఆగిన చోటునుంచే మళ్లీ మొదలవుతాయి. మధ్యలో ఒక్క మాట కూడా పోదు.

ఈ ఆఖరి మాట పట్టుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది. దారిలో పోయిన డేటాని స్టిక్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, వచ్చేదాకా ఆగుతుంది. అందుకే ఓటీటీ సినిమాలో నెట్ వల్ల డైలాగ్‌లో రెండు అక్షరాలు మాయం కావు, తెర మీద రంగురంగుల గళ్లు రావు. మాట మధ్యలో అర సెకను సౌండ్ పోయి సినిమా మాత్రం ముందుకే సాగిపోయిందంటే, ఆ డేటా స్టిక్ దాకా క్షేమంగానే వచ్చింది. పోయింది స్టిక్‌లోనో, స్టిక్ దాటాకో. అక్కడ స్పీడ్ టెస్ట్‌లు ఎన్ని చేసినా లాభం లేదు.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. లైవ్ మ్యాచ్‌లో దాచుకునే ముక్కలు తక్కువ, పైగా వెనకబడిపోతే కొన్ని యాప్‌లు మధ్య భాగం వదిలేసి ముందుకు గెంతుతాయి. అలా ఒక బంతి ఎగిరిపోతే అది నెట్ తప్పో, సర్వర్ తప్పో అయి ఉంటుంది. రెండోది, ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే ఐపీటీవీ (నెట్ లైను మీదే టీవీ ఛానళ్లు చూపే) సెటాప్ బాక్సు. మామూలుగా అందులో టీవీ ఛానళ్లు మల్టీకాస్ట్‌గా, అంటే ఒకే ప్రసారం అందరికీ ఒకేసారి వెళ్లేలా వస్తాయి. పోయిన డేటాని మళ్లీ అడిగే ఏర్పాటు అక్కడ సాధారణంగా ఉండదు. అందుకని లైనులో కాస్త నష్టం ఉన్నా గళ్లు గళ్లుగా పగలడం, కిచకిచమనే శబ్దం నేరుగా కనబడతాయి. ఒకే ఇంట్లో ఒకే లైను మీద ఐపీటీవీలో గళ్లు వస్తూ, ఓటీటీ మాత్రం బానే ఆడుతుండటం వింతేం కాదు. అలాంటప్పుడు లైను వాళ్లనే పిలవాలి.

ఇక స్పీడ్. నెట్‌ఫ్లిక్స్ తానే చెప్పే లెక్క ప్రకారం 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలు. 40 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో ఒక టీవీకి చక్రం తిరుగుతుంటే ప్లాన్ పెంచడం డబ్బు దండగ. చూడాల్సింది రూటర్‌కీ టీవీకీ మధ్య ఉన్న నాలుగైదు మీటర్ల గాలిని, రెండు గోడల్ని.

ఎక్కడ తెగుతోందో తేల్చడానికి ఒక లాప్‌టాప్ చాలు. దాన్ని టీవీ పక్కనే పెట్టి అదే వైఫైకి కలపండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు తెరిచి, పింగ్ కమాండ్‌ని (ఒక చిరునామాకి చిన్న కబురు పంపి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చెప్పేది) చివర హైఫన్, టీ చేర్చి ఆగకుండా నడిచేలా పెట్టండి. ఒక కిటికీలో రూటర్ చిరునామా (ఎక్కువ ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1), రెండో దాంట్లో బయట ఉండే గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8. టీవీలో సినిమా పెట్టి చక్రం తిరిగే క్షణంలో ఈ రెండింటినీ చూడండి. రూటర్‌కి వెళ్లే పింగే 2, 3 మిల్లీసెకన్ల నుంచి వందల్లోకి ఎగిరినా, "టైమ్‌డ్ ఔట్" అని పడినా తప్పు మీ ఇంటి వైఫైదే. రూటర్ పింగ్ నిలకడగా ఉండి 8.8.8.8 ఒక్కటే తెగుతుంటే బయటి లైనుది. రెండూ నిలకడగా ఉన్నా చక్రం తిరిగిందంటే ఆ యాప్ సర్వర్‌నో, స్టిక్‌నో అనుమానించాలి. నెట్ కంపెనీకి ఫోన్ చేసినప్పుడు "స్లోగా ఉంది" అనడం కన్నా "రూటర్ దాకా సరిగ్గానే ఉంది, బయటికి వెళ్లేటప్పుడు ప్యాకెట్లు పోతున్నాయి" అని ఈ కిటికీల ఫోటో పంపితే వచ్చే మనిషి వేరు, తెచ్చే సామాను వేరు. ఫైబర్ అయితే వాళ్ల పవర్ మీటర్‌లో మీ ఇంటి దగ్గర వెలుతురు ఎంత వస్తోందో చూపించమనండి. మన ఇళ్లకొచ్చే జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే) లైన్లలో అది సుమారు −27 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు) కన్నా దిగిపోతే తెగుడు మొదలవుతుంది. −20 దరిదాపుల్లో ఉంటే నిశ్చింత. గుమ్మం మూలలో మరీ వంచి మేకు కొట్టిన ఫైబర్ వైరు, దుమ్ము పట్టిన కనెక్టర్ ఈ అంకెను దింపేస్తాయి.

సాయంత్రం పూట, అందరూ ఇంటికి చేరాక మాత్రమే తెగుతుంటే అప్‌లోడ్ మీద ఓ కన్నేయండి. ఫోన్ వైఫైలోకి రాగానే ఆ రోజు తీసిన ఫోటోలు, వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కడం మొదలెడుతుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే రూటర్ దగ్గర క్యూ పెరిగి, "తర్వాతి ముక్క పంపు" అని స్టిక్ అడిగే చిన్న అభ్యర్థన కూడా ఆ క్యూలోనే నిలబడుతుంది. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ బ్రహ్మాండంగానే ఉంటుంది, సినిమా మాత్రం ఆగుతుంది. ఫోటో బ్యాకప్‌ని ఫోన్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే, రాత్రి పూటకి మార్చితే చాలు. రూటర్‌లో క్యూఓఎస్ (ఏ పరికరానికి ముందు డేటా ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) ఉంటే టీవీకి ముందు వరస ఇవ్వొచ్చు.

టీవీ వెనక వైఫై

స్టిక్‌ని టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో (బొమ్మా సౌండూ టీవీలోకి వెళ్లే చోటు) నేరుగా గుచ్చితే దాని యాంటెనాకి ఒకవైపు టీవీ లోహపు రేకు, ఇంకోవైపు గోడ. చాలామంది డబ్బాలో వచ్చిన జానెడు హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్‌ని డబ్బాలోనే వదిలేస్తారు. అది పోర్టు ఇరుకైతే వాడుకోవడానికే అనుకుంటారు గానీ, స్టిక్‌ని ఆ రేకుకి దూరంగా జరపడం కూడా దాని పనే. టీవీ అంచు దాటి కాస్త బయటికి కనబడేలా వేలాడదీస్తే సిగ్నల్ తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

తేడా కళ్లతో చూడాలంటే రిమోట్‌లో మధ్య బటన్, కింది బాణం కలిపి 5 సెకన్లు నొక్కి వదిలి, వెంటనే మూడు గీతల మెనూ బటన్ నొక్కండి. డెవలపర్ టూల్స్ మెనూ వస్తుంది. అందులో సిస్టమ్ ఎక్స్-రే ఆన్ చేస్తే తెర పైభాగంలో డిస్‌ప్లే, ప్రాసెసర్, మెమరీ, నెట్ వివరాలు ఒక పట్టీగా కనబడతాయి. దాని కిందే ఉన్న అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఆన్ చేస్తే ఆడుతున్న వీడియో, ఆడియో ఏ ఫార్మాట్‌లో ఉన్నాయో కూడా చెబుతుంది. తెగుడు పట్టుకోవడానికి స్టిక్‌లో ఇంతకన్నా పనికొచ్చే తెర లేదు. మెనూల్లో లోపల దాచిపెట్టడం వల్ల ఎవరికీ తెలియకుండా పోయింది, అంతే.

సిగ్నల్ బలం డీబీఎంలో ఉంటే −50 దగ్గర చక్కగా ఉన్నట్టు. −67 దాకా వీడియోకి ఫరవాలేదు. −75కి దిగితే చక్రం తప్పదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రూటర్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. కాబట్టి టీవీ ఉన్న గది రూటర్‌కి దగ్గరైతే 5 గిగాహెర్ట్జ్‌కే మార్చాలి. అది ఒక తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాటి వస్తుంది. రెండు గోడలో, ఒక స్లాబో అడ్డుంటే నీరసపడుతుంది. చాలా రూటర్లు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెడతాయి, అప్పుడు స్టిక్ దేన్ని పట్టుకుంటుందో మన చేతిలో ఉండదు. రూటర్ పేజీలో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, స్టిక్‌ని 5 దానికి మాత్రమే కలపండి.

5 గిగాహెర్ట్జ్‌లోనూ ఒక మెలిక ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. రూటర్‌కి రాడార్ వినబడినట్టు అనుమానం వచ్చినా నిబంధన ప్రకారం వెంటనే ఆ ఛానల్ ఖాళీ చేసి ఇంకో చోటికి పోవాలి. ఆ కాసేపు స్టిక్‌కి వైఫై ఉండదు. రోజుకి ఒకటి రెండుసార్లు, ఏ కారణమూ కనబడకుండా అన్ని ఫోన్లూ టీవీ ఒకేసారి తెగుతుంటే ఇది చూడండి. ఛానల్‌ని ఆటోలో వదలకుండా 36, 40, 44, 48 లో ఒకటి పెడితే ఆ బెడద ఉండదు.

వైరు వేయగలిగితే ఈ గొడవంతా పోతుంది. స్టిక్‌కి ఈథర్‌నెట్ అడాప్టర్ దొరుకుతుంది. దాని వేగం 100 ఎంబీపీఎస్సే అయినా 4కే సినిమాకి కావలసింది 15 కాబట్టి దిగులక్కర్లేదు.

చక్రం లేకుండా తెర నల్లబడితే

ఇది హెచ్‌డీఎంఐ సంగతి. సౌండ్ కూడా తెరతో పాటే పోయి, ఒకటి నుంచి మూడు సెకన్లలో రెండూ కలిసి తిరిగొస్తాయి. ఈలోగా సినిమా ముందుకు పోయి ఉంటుంది. ఓటీటీలో వచ్చేదంతా హెచ్‌డీసీపీ అనే తాళంతో వెళ్తుంది. స్టిక్, టీవీ ఒకదాన్నొకటి గుర్తుపట్టి తాళంచెవులు మార్చుకుంటాయి, ఆ తర్వాత కూడా రెండూ ఇంకా ఒకే లెక్కలో ఉన్నాయా అని సరిచూసుకుంటూనే ఉంటాయి. హెచ్‌డీసీపీ పాత 1.4 రకంలో ఇది సుమారు 2 సెకన్లకోసారి జరుగుతుంది. 4కేకి కావలసింది హెచ్‌డీసీపీ 2.2 రకం. లైనులో సిగ్నల్ చెడి లెక్క తప్పిందంటే పరిచయం మళ్లీ మొదటినుంచీ జరగాలి. ఆ నల్ల తెర ఆ పరిచయానికి పట్టే సమయమే.

సిగ్నల్ ఎందుకు చెడుతుందో అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1080పీ బొమ్మ సెకనుకి 60 ఫ్రేములతో వెళ్లాలంటే లైనులో సుమారు 4.5 జీబీపీఎస్ పరుగెత్తాలి. అదే 4కే 60 ఫ్రేములు, రంగు పూర్తి వివరంతో పంపితే 17.82 జీబీపీఎస్. హెచ్‌డీఎంఐ 2.0 హద్దే 18. అంటే 1080పీలో ఏళ్లతరబడి ఏ ఫిర్యాదూ లేకుండా నడిచిన కేబుల్ 4కేలో హద్దు అంచున నిలబడుతుంది. కొంచెం వదులు పోర్టు, కొంచెం తుప్పు, రెండు మీటర్లు ఎక్కువ పొడుగు చాలు తూలడానికి. "కేబుల్ బాగానే ఉంది, సెటాప్ బాక్సుకి వాడితే వస్తోంది" అన్న వాదన అందుకే నిలవదు.

పరీక్ష సులువు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ సౌండ్స్‌కి వెళ్లి వీడియో రిజల్యూషన్‌ని ఆటో నుంచి 1080పీకి దించి ఓ రెండు సినిమాలు చూడండి. నల్లబడటం ఆగిపోతే స్టిక్ మంచిదే, దారి చెడ్డది. పొరపాటున టీవీ చూపించలేని రిజల్యూషన్ పెట్టి తెర మొత్తం పోతే కంగారుపడొద్దు. రిమోట్‌లో పై బాణం, రివైండ్ కలిపి కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే స్టిక్ ఒక్కో రిజల్యూషన్ మార్చి చూపిస్తుంది. బొమ్మ వచ్చిన దాన్ని ఎంచుకోండి.

దారి అంటే ఏమేం చూడాలి? నేరుగా గుచ్చిన స్టిక్ అయితే పోర్టు, ఎక్స్‌టెండర్. టీవీలో ఇంకో హెచ్‌డీఎంఐ పోర్టుకి మార్చి చూడండి. ఎక్స్‌టెండర్ ఒకటే ఉండాలి, అది డబ్బాలో వచ్చినదే అయ్యుండాలి. రెండు కలిపి పొడిగిస్తే అతుకులు పెరిగి సిగ్నల్ పడిపోతుంది. మధ్యలో సౌండ్‌బార్, ఏవీ రిసీవర్, స్ప్లిటర్, స్విచ్ ఏదున్నా తీసేసి నేరుగా టీవీకి పెట్టి చూడటం తప్పనిసరి. తాళం ఈ మధ్యవర్తులందరి చేతుల మీదుగా వెళ్లాలి, వాళ్లలో ఒకరికి 2.2 రాకపోయినా 4కే నిలవదు. బాక్సు అయితే కేబుల్ మార్చండి. బంగారు పూత, ఎర్ర జాలీ తొడుగు చూసి కాదు. డబ్బా మీద "ప్రీమియం హై స్పీడ్" అన్న ముద్ర, స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉండాలి. 18 జీబీపీఎస్‌కి పరీక్షించిన కేబుల్ అని దాని అర్థం. "అల్ట్రా హై స్పీడ్" అయితే 48. ఎంత పొట్టిదైతే అంత మేలు.

టీవీ వైపు కూడా ఒక మీట ఉంటుంది. సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్ అని పిలుస్తారు. ఆ పోర్టుకి దీన్ని ఆపితే పోర్టు తక్కువ వేగానికే ఒప్పుకుంటుంది, బొమ్మలో కొంత రంగు లోతు, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి) పోవచ్చు. అలా ఆపినప్పుడు నల్లబడటం మానిందంటే ఇదీ దారి తప్పే అని రూఢి అయినట్టు.

ప్రతి నల్ల తెరా జబ్బు కాదు. సినిమా మొదలయ్యేటప్పుడు, ముగిసి మెనూలోకి వచ్చేటప్పుడు మాత్రమే ఒక సెకను నల్లబడితే అది ఫ్రేమ్ రేట్ మార్పు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మెనూ 60. మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ ఆన్‌లో ఉంటే స్టిక్ టీవీని ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తుంది, టీవీ సర్దుకోవడానికి ఆ క్షణం తీసుకుంటుంది. హెచ్‌డీఆర్ సినిమా మధ్యలో మామూలు ప్రకటన వచ్చినప్పుడు నల్లబడటం కూడా ఇలాంటిదే. డైనమిక్ రేంజ్ సెట్టింగ్స్‌లో అడాప్టివ్ ఉంటే ప్రకటన వచ్చిన ప్రతిసారీ టీవీ అటూ ఇటూ మారుతుంది. విసుగనిపిస్తే ఆల్వేస్ హెచ్‌డీఆర్ పెట్టుకోవచ్చు, కాకపోతే మామూలు కార్యక్రమాల రంగులు కొన్ని టీవీల్లో కాస్త వెలిసినట్టు కనిపిస్తాయి. ఫ్రేమ్ రేట్ మార్పు మాత్రం ఆపకండి. ఆపితే కెమెరా పక్కకి తిరిగే షాట్లలో బొమ్మ కుదుపుతో కదులుతుంది.

ఫ్యాన్ స్విచ్ వేసినప్పుడో, ఫ్రిజ్ కంప్రెసర్ ఎక్కినప్పుడో తెర ఒక్కసారి నల్లబడే ఇళ్లు కొన్ని ఉంటాయి. స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ ఒక రేడియో పోటు లాంటిది. తొడుగు సరిగా లేని కేబుల్ దాన్ని పట్టుకుంటుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఇది ఇంకా ఎక్కువ. టీవీ వెనక లోహపు భాగం తాకితే జివ్వుమంటుంటే స్టిక్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

సౌండ్ ఒక్కటే పోతే

బొమ్మ నడుస్తుంటే సౌండ్ మాత్రం తెగడం దాదాపు ఎప్పుడూ నెట్ వల్ల కాదు. నెట్‌ఫ్లిక్స్‌లో డాల్బీ అట్మాస్ సౌండ్‌కి గరిష్ఠంగా వాడేది 768 కేబీపీఎస్. బొమ్మకి వేలకు వేల కేబీపీఎస్ అందుతుంటే సౌండ్‌కి ఆ కాస్తా అందకపోవడం కుదరదు.

ఈ తెగుడు ఎలా ఉంటుందంటే: సినిమా 5.1 డాల్బీలో (ఆరు ఛానళ్ల సరౌండ్ సౌండ్) ఆడుతుంది, ప్రకటన స్టీరియోలో వస్తుంది. ఫార్మాట్ మారగానే సౌండ్‌బార్ పాత డీకోడర్ (కుదించిన సౌండ్‌ని విప్పేది) ఆపి, కొత్తది ఏంటో గుర్తుపట్టి, మళ్లీ విప్పాలి. ఆ అర సెకనో సెకనో నిశ్శబ్దం. అందుకే ప్రకటన మొదటి మాట, ప్రకటన అయ్యాక డైలాగ్ మొదటి మాట వినబడవు. పాజ్ తీసిన ప్రతిసారీ మొదటి మాట పోవడానికీ ఇదే కారణం. ఇది సౌండ్‌బార్ స్వభావం. స్టిక్ మార్చినా పోదు.

మధ్యలో ఉన్నట్టుండి తెగడం ఇంకో రకం. డాల్బీ డిజిటల్ ఒక్కో పెట్టెలో 1536 శాంపిళ్లు (సౌండ్ కొలతలు) కుదించి పెడుతుంది. సెకనుకి 48,000 శాంపిళ్ల లెక్కన అది 32 మిల్లీసెకన్ల సౌండ్. పెట్టెలో ఒక్క బిట్ చెడినా డీకోడర్ ఆ పెట్టె మొత్తాన్ని పారేసి, మళ్లీ వరస దొరికేదాకా నోరు మూసుకుంటుంది. అదే పీసీఎంలో, అంటే కుదించకుండా పంపే సౌండ్‌లో, బిట్ చెడితే ఒక చిన్న టిక్ మాత్రమే. చాలాసార్లు అది చెవికి అందదు. కాబట్టి మొదటి పరీక్ష ఇది: సెట్టింగ్స్ నుంచి డిస్‌ప్లే అండ్ సౌండ్స్, అందులో ఆడియో, సరౌండ్ సౌండ్, అక్కడ పీసీఎం. పేర్లు మోడల్‌ని బట్టి కాస్త మారతాయి. దీంతో సౌండ్ నిలబడితే స్టిక్‌లో తప్పు లేదు, డాల్బీని మోసే దారిలోనో విప్పే పరికరంలోనో ఉంది. రెండు స్పీకర్ల సౌండ్‌బారే అయితే పీసీఎంలోనే వదిలేయండి, పోయేది పెద్దగా ఏమీ లేదు.

ఆ దారి ఎక్కువ ఇళ్లలో స్టిక్ నుంచి టీవీకి, టీవీ నుంచి ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ తీగలోనే వెనక్కి పంపే ఏర్పాటు) ద్వారా సౌండ్‌బార్‌కి. టీవీలో డిజిటల్ ఔట్‌పుట్‌ని ఆటో నుంచి పాస్‌త్రూకి (వచ్చిన సౌండ్‌ని విప్పకుండా అలాగే దాటించడం) మార్చండి. ఆటోలో కొన్ని టీవీలు తామే విప్పి మళ్లీ కుదిస్తాయి, ఆ పని నీరసంగా చేసే టీవీల్లో సౌండ్ తెగుతుంది, పెదవులకీ మాటకీ కూడా పొంతన తప్పుతుంది. ఆప్టికల్ వైరు వాడేవాళ్లకి ఇంకో చిక్కు. ఓటీటీ సౌండ్ డాల్బీ డిజిటల్ ప్లస్, ఆప్టికల్ దాన్ని మోయదు. ఎవరో ఒకరు పాత డాల్బీ డిజిటల్‌కి మార్చాలి. ఆ పని టీవీకి వదలకుండా స్టిక్‌లోనే డాల్బీ డిజిటల్ ఎంచుకుంటే మంచిది.

సీఈసీ కూడా సౌండ్ తినేస్తుంది. ఒకే రిమోట్‌తో అన్నీ నడిచే ఆ సౌకర్యంలో టీవీ, సౌండ్‌బార్, సెటాప్ బాక్సు, స్టిక్ అన్నీ ఒకే తీగ మీద కబుర్లాడుకుంటాయి. ఎవరో నిద్రలేచి "నేనున్నా" అంటే సౌండ్‌బార్ కాసేపు అటు తిరుగుతుంది. సెటాప్ బాక్సులో సీఈసీ ఆపి చూడండి. అందులో ఆ సెట్టింగ్ లేకపోతే టీవీలో ఆపండి, కానీ కొన్ని టీవీల్లో సీఈసీ ఆపితే ఏఆర్‌సీ కూడా ఆగుతుంది.

పాటలు గట్టిగా వినబడుతూ మాటలు మాత్రం వినబడకపోవడం తెగుడు కాదు. 5.1లో మాటలు మధ్య ఛానల్‌లో ఉంటాయి. దాన్ని కలపాల్సిన చోట కలపలేదని అర్థం. స్టీరియో పెడితే తీరుతుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో తెగుతుంటే వైఫై బ్యాండ్ చూడండి. బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. స్టిక్ వైఫై కూడా అక్కడే ఉంటే రెండూ వంతులేసుకుని మాట్లాడాలి. సినిమా ముక్కలు తెచ్చుకునే ప్రతిసారీ హెడ్‌ఫోన్స్ వంతు తగ్గుతుంది. వైఫైని 5కి మార్చితే చాలామందికి అక్కడితో సరి.

కరెంటు, వేడి

స్టిక్ లోగో చూపించి మళ్లీ మొదలవుతుంటే ముందు చూడాల్సింది వైరు ఎక్కడికి పోతోందో. ప్లగ్గు దొరకలేదని టీవీ యూఎస్‌బీ పోర్టుకి పెట్టిన ఇళ్లే ఎక్కువ. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులు, అంటే రెండున్నర వాట్లు. స్టిక్‌తో వచ్చే అడాప్టర్ 1 యాంపు, అయిదు వాట్లు. మెనూలో తిరిగేటప్పుడు టీవీ పోర్టుతో బండి నడుస్తుంది. 4కే వీడియో విప్పుతూ వైఫై గట్టిగా పనిచేస్తున్నప్పుడు చాలదు.

అడాప్టర్ మంచిదే అయినా వైరు మోసం చేస్తుంది. సన్నని 28 గేజ్ రాగి తీగ మీటరుకి 0.21 ఓం. రెండు మీటర్ల కేబుల్ అంటే పోయేదీ వచ్చేదీ కలిపి నాలుగు మీటర్ల తీగ, సుమారు 0.85 ఓం. అందులో 1 యాంపు పారితే 0.85 వోల్ట్ దారిలోనే ఆవిరి. అడాప్టర్ దగ్గర 5 వోల్టులు, స్టిక్ దగ్గర 4.15. అదే కాస్త లావైన 24 గేజ్ అయితే పోయేది 0.34 మాత్రమే. ఫోన్ కేబుల్ ఏదో ఒకటి తగిలిస్తే వచ్చే తంటా ఇది. డబ్బాలో వచ్చిన అడాప్టర్, డబ్బాలో వచ్చిన వైరు, గోడ ప్లగ్గు: ఈ మూడూ పెట్టి చూశాకే స్టిక్ చెడిందని అనాలి.

మే నెలలో మాత్రమే, అదీ గంటా గంటన్నర సినిమా తర్వాత బొమ్మ నత్తనడక నడుస్తుంటే వేడి. గది 38 డిగ్రీలుంటే టీవీ వెనక ఇంకా ఎక్కువ. చిప్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు రాలతాయి. ఎక్స్-రే పట్టీలో నెట్ బాగానే ఉండి ప్రాసెసర్ ఎర్రగా ఉండటం దీని గుర్తు. ఇక్కడా ఎక్స్‌టెండర్‌తో బయటికి వేలాడదీయడమే మందు. సన్‌మైకా కప్‌బోర్డులో టీవీ బిగించినవాళ్లు వెనక కాస్త గాలాడే సందు ఉంచాలి.

యాప్ తప్పు

ఒక్క యాప్‌లోనే తెగుతూ మిగతా అన్నీ బాగుంటే పైన చెప్పినవేవీ ముట్టుకోవద్దు. అదే యాప్‌ని అదే వైఫై మీద ఫోన్‌లో పెట్టండి. ఫోన్‌లోనూ ఆగితే సర్వర్ దగ్గర రద్దీ, మనం చెయ్యగలిగింది లేదు. టాస్ వేళకి అందరూ ఒకేసారి మ్యాచ్ తెరిచినప్పుడు ఇది మామూలే. ఫోన్‌లో బాగుండి స్టిక్‌లోనే ఆగితే సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్, మేనేజ్ ఇన్‌స్టాల్డ్ అప్లికేషన్స్‌కి వెళ్లి ఆ యాప్‌ని ఫోర్స్ స్టాప్ చేసి, క్లియర్ కాష్ నొక్కండి. క్లియర్ డేటా నొక్కితే లాగిన్ పోతుంది, అది రెండో విడత. స్టిక్‌లో మొత్తం స్టోరేజ్ 8 జీబీయే అయితే అందులో సిస్టమ్ వాటా పోను మిగిలేది సుమారు 5. అది నిండిపోయి వందల ఎంబీలే ఖాళీ ఉన్నప్పుడు యాప్‌లు ఆడుతూ ఆడుతూ మూసుకుపోతాయి. వాడని వాటిని తీసేయండి.

ఆ తర్వాత మధ్య బటన్, ప్లే బటన్ కలిపి 5 సెకన్లు నొక్కి రీస్టార్ట్. రాత్రి టీవీ ఆపినా స్టిక్ ఆగదు, నిద్రలోకి మాత్రమే వెళ్తుంది. వారాల తరబడి ఆగకుండా ఉన్న స్టిక్‌కి ఒక్క రీస్టార్ట్ చేసే మేలు తక్కువేం కాదు. ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటికన్నా చివర. అది సాఫ్ట్‌వేర్ తప్పులకే పనికొస్తుంది, వదులు పోర్టుకీ సన్న వైరుకీ కాదు. రీసెట్ చేశాక అన్ని యాప్‌ల లాగిన్‌లు, వైఫై పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి, 1080పీ, పీసీఎం అని పెట్టుకున్నవి ఆటోకి వెళ్లిపోతాయి. మొదలుపెట్టే ముందు డిస్‌ప్లే, ఆడియో పేజీలకి ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే ఆ సెట్టింగ్‌లు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.